“స్టేషన్ ఐదు నిమిషాలే అన్నా” అంటే బుకింగ్ డబ్బు కట్టకండి

బెంగళూరులో బైయప్పనహళ్లి, బాణసవాడి చుట్టుపక్కల కొత్త ఫ్లాట్ చూస్తున్న మనవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. బ్రోషర్లో “రైల్వే టెర్మినల్, మెట్రో – 5 నిమిషాలు” అని ఉంటే ఆ లైను నమ్మి చెక్కు రాయొద్దు.

మాకు ఫ్లాట్ చూపించిన సేల్స్ అబ్బాయి తెలుగువాడే. “అన్నా, మీది కడపా? మాది ప్రొద్దుటూరే” అంటూ కలుపుకుపోయాడు. ఆదివారం మధ్యాహ్నం, రోడ్లు ఖాళీగా ఉన్న వేళ వాళ్ల కారులోనే తిప్పాడు. బ్రోషర్ మ్యాపులో సైటు నుంచి స్టేషన్ దాకా ఎర్ర చుక్కల గీత ఒకటి ఉంది. తర్వాత పరీక్షగా చూస్తే ఆ గీత రైలు పట్టాల మీదుగా నేరుగా పోతోంది. పట్టాలు దాటడానికి అక్కడ దారి లేదు. వంతెన దాకా పోయి చుట్టు తిరిగి రావాల్సిందే. మ్యాపు కింద స్కేలు కూడా వేయలేదు.

అసలు తిరకాసు ఇక్కడుంది. బైయప్పనహళ్లి పేరుతో మూడు స్టేషన్లు చలామణి అవుతున్నాయి. ఒకటి మెట్రో, 2011 అక్టోబరులో నమ్మ మెట్రో మొదటిసారి నడిచింది ఇక్కడి నుంచి ఎంజీ రోడ్డుకే. దాని పక్కనే పాత చిన్న రైల్వే స్టేషన్. మూడోది 2022 జూన్‌లో మొదలైన సర్ ఎం. విశ్వేశ్వరయ్య టెర్మినల్. ఏడు ప్లాట్‌ఫారాలతో, ఏసీ హాలుతో దర్జాగా ఉంటుంది. దూరప్రాంతాల రైళ్లు చాలా అక్కడి నుంచే. కానీ మెట్రో దిగి టెర్మినల్‌కు పోవాలంటే రోడ్డు మీద రెండు కిలోమీటర్ల పైమాటే. మా సైటుకు దగ్గరున్నది పాత స్టేషన్. బ్రోషర్లో ఫొటో మాత్రం టెర్మినల్‌ది.

ఊరి నుంచి పెద్దవాళ్లు బియ్యం మూట, పచ్చడి జాడీలతో తెల్లారకముందే దిగితే ఈ తేడా ఏంటో తెలుస్తుంది. ఆటోవాడు చెప్పిందే రేటు. ఆదివారమైతే మెట్రో ఏడింటికి గానీ మొదలవదు.

అన్ని చోట్లా ఇలాగే ఉందని కాదు. వైట్‌ఫీల్డ్‌లో, అంటే కాడుగోడి దగ్గర, మెట్రో, రైల్వే స్టేషన్ నిజంగానే పక్కపక్కన ఉన్నాయి. కేఆర్ పురంలోనూ అంతే. అయితే అక్కడి టిన్ ఫ్యాక్టరీ జంక్షన్ ట్రాఫిక్ సంగతి సాయంత్రం పూట మీరే వెళ్లి చూసుకోండి. ఇక “త్వరలో మెట్రో” అనే మాటకు నేనైతే ఒక్క రూపాయి ఎక్కువ ఇవ్వను. రెండో దశకు కేంద్రం 2014లో ఒప్పుకుంటే, అందులోని ఎల్లో లైను మీద రైలు తిరిగింది 2025 ఆగస్టులో. అదీ మొదట్లో ఇరవై ఐదు నిమిషాలకు ఒకటి.

మేం బుకింగ్ డబ్బు కట్టేశాం. అగ్రిమెంటు డ్రాఫ్టు వచ్చాక చూస్తే స్టేషన్ ఊసే లేదు. పైగా బ్రోషర్లోని బొమ్మలు, దూరాలు ఒప్పందంలో భాగం కావని చిన్న అక్షరాల్లో ఒక క్లాజు. డబ్బు వెనక్కివ్వమంటే క్యాన్సిలేషన్ ఛార్జీల పేరుతో పెద్ద మొత్తమే కోస్తామన్నారు. ప్రొద్దుటూరు తమ్ముడు ఫోన్ ఎత్తడం మానేశాడు.

ఇక్కడ 2016 నాటి రెరా చట్టం, అంటే ఇళ్లు, ఫ్లాట్లు అమ్మే బిల్డర్లను నియంత్రించే చట్టం, పనికొస్తుంది. ప్రకటనలోని తప్పుడు మాట నమ్మి అడ్వాన్సు కట్టినవాళ్లు ప్రాజెక్టు నుంచి తప్పుకోవాలనుకుంటే, కట్టిందంతా వడ్డీతో సహా ఇవ్వాలని 12వ సెక్షన్ చెబుతోంది. రిజిస్టరైన అగ్రిమెంటు లేకుండా ఫ్లాటు ధరలో పది శాతానికి మించి తీసుకోకూడదని 13వ సెక్షన్. ఈ సెక్షన్లు చూపిస్తూ వకీలు నోటీసు పంపాక వాళ్ల గొంతు కాస్త మారింది. సగం వెనక్కొచ్చింది, మిగతా సగం కోసం ఆ చట్టం కింద పనిచేసే కర్ణాటక రెరా సంస్థలో ఫిర్యాదు వేశాం. అందుకే బిల్డరు పేరు ఇక్కడ రాయడం లేదు.

బ్రోషర్ కాగితం పారేయకండి, సేల్స్ వాళ్ల వాట్సాప్ మెసేజీలు డిలీట్ చేయకండి. మా బిల్డరు వాళ్లు ఇప్పుడు కొత్త బ్రోషర్ అచ్చేశారు. అందులో “5 నిమిషాలు” తీసేసి “చక్కటి కనెక్టివిటీ” అని పెట్టారు. ఆ ఎర్ర చుక్కల గీతతో ఉన్న పాత బ్రోషర్ ఎవరి దగ్గరైనా ఉంటే నాకు మెసేజ్ చేయండి, ఫిర్యాదుకు జత చేస్తాం.