నీళ్ళ ప్రయోగం మూడుసార్లు: ప్యానెల్లోనా, సారు బల్ల మీదా, మన చేత్తోనా? ఏది మేలు?

నీళ్ళను కరెంటుతో విడగొట్టే ప్రయోగాన్ని పదో తరగతిలో నేను మూడుసార్లు చూశాను. మొదట క్లాసులో ప్యానెల్ మీద, అంటే గోడకున్న పెద్ద డిజిటల్ తెర మీద, వారం తర్వాత ల్యాబులో సారు బల్ల మీద, దసరా సెలవుల్లో మా పెరటి అరుగు మీద. పాఠం ఒకటే: హైడ్రోజన్ రెండు వంతులు, ఆక్సిజన్ ఒక వంతు. నాకు అర్థమైంది మాత్రం ఒక్కోసారి ఒక్కోటి.

పక్కింటి చెల్లి ఈ జూన్‌లో పదికి వస్తోంది. "అక్కా, ప్రయోగాలు ప్యానెల్లో చూస్తే చాలదా? చేస్తూ కూర్చుంటే సిలబస్ అవుతుందా?" అని అడిగింది. ఒక్క ముక్కలో చెప్పలేక ఇలా రాస్తున్నాను.

ముందు ప్యానెల్ సంగతి. దాన్ని తిట్టడం సులువు గానీ నాకు తిట్టాలని లేదు. బొమ్మలో రెండు గొట్టాలు, ఒకదాంట్లో నీలం బుడగలు, ఇంకోదాంట్లో ఎర్ర బుడగలు. నాలుగు నిమిషాల్లో గ్యాసు గీత గీసినట్టు రెండుకు ఒకటి నిండింది. చివరి బెంచీ వాళ్ళకు కూడా కనబడింది. ఆ రాత్రి పుస్తకం మూసి పటం గీయగలిగాను. అయితే ఆ బుడగలకు అసలు రంగే ఉండదని ల్యాబులో చూసేదాకా తట్టలేదు.

కంటికి ఆనని వాటికి మాత్రం ప్యానెల్‌ను మించింది లేదు. ఒక్కో మూత్రపిండంలో రక్తాన్ని వడకట్టే నెఫ్రాన్లు దాదాపు 10 లక్షలు ఉంటాయని పుస్తకంలో చదివితే అది అంకె మాత్రమే. రక్తం నెఫ్రాన్‌లోని సన్నటి రక్తనాళాల గుచ్ఛంలోకి వెళ్ళి, వడకట్టి, పనికొచ్చేది మళ్ళీ రక్తంలోకి ఎక్కడం కదులుతూ కనబడితేగానీ నాకు ఆ పాఠం లొంగలేదు. గుండె విషయంలో కొంచెం తకరారు ఉంది. కవాటాలు తెరుచుకుని మూసుకోవడం ప్యానెల్లోనే బాగా తెలిసింది. కానీ బయాలజీ మేడమ్ ఆదివారం మటన్ కొట్లో చెప్పి ఉంచి, సోమవారం తెచ్చిన మేక గుండెను కోసినప్పుడు ఎడమ జఠరిక (గుండె కింది గది) గోడను వేళ్ళతో పట్టుకుని చూశాను. కుడి పక్క గోడ కంటే అదెంత మందం! ఒళ్ళంతటికీ రక్తం తోయాల్సింది ఎడమ పక్కే, కుడి పక్కది ఊపిరితిత్తుల దాకా తోస్తే చాలు. పుస్తకంలో ఈ వాక్యం ఉంది, నేను కింద గీత కూడా గీసుకున్నాను, అయినా వేళ్ళకు తగిలాకే నమ్మాను.

తుప్పు ప్రయోగం ప్యానెల్ మీద పదిహేను సెకన్లలో తేలిపోయింది: మామూలు నీళ్ళలో మేకు తుప్పు పట్టింది, మరిగించిన నీళ్ళ మీద నూనె పోసిన గొట్టంలోది పట్టలేదు, తేమ పీల్చే కాల్షియం క్లోరైడ్ వేసిన పొడి గొట్టంలోదీ పట్టలేదు. మా ల్యాబు కిటికీలో పెట్టిన గొట్టాల్లో అయిదో రోజుకు నూనె గొట్టంలోని మేకుకు కూడా చిన్న గోధుమ రంగు మచ్చ వచ్చింది. మేమే తప్పు చేశాం. నీళ్ళను మరగనివ్వకుండా, వేడెక్కగానే దించేశాం. అందులో కరిగిన గాలి పూర్తిగా పోలేదు. నీళ్ళలో గాలి కరిగి ఉంటుందన్న సంగతి ఆ మచ్చే చెప్పింది. ప్యానెల్లో మేకు ఎప్పుడూ తప్పు చేయదు, దాంతో ఉన్న చిక్కు అదే.

ఇక సారు బల్ల. మా క్లాసులో 52 మందిమి, నేను నాలుగో వరస. ప్లాస్టిక్ మగ్గు, అడుగున రెండు కార్బన్ కడ్డీలు, 6 వోల్టుల బ్యాటరీ, నీళ్ళలో కొన్ని చుక్కల సజల (పలచన చేసిన) సల్ఫ్యూరిక్ ఆమ్లం. నాకు కనబడింది ముందు వాడి తలకాయ. కానీ సారు హైడ్రోజన్ గొట్టం మూతి దగ్గర అగ్గిపుల్ల పెట్టగానే టప్‌మన్న చప్పుడు మాత్రం నాలుగో వరసకూ వచ్చింది. క్లాసంతా ఒక్కసారి ఉలిక్కిపడింది. ఆ చప్పుడుకి ప్యానెల్ స్పీకరు సరిపోదు.

సారు చేస్తుంటే చూసి నేర్చుకున్నది ఫలితం కంటే పద్ధతి. ఆమ్లాన్ని నీళ్ళలో పోయాలి, నీళ్ళను ఆమ్లంలో పోయకూడదని చదివిన వాళ్ళమే. కానీ సారు సీసా పట్టుకున్న తీరు, చుక్కచుక్కగా వదిలి కలుపుతూ మధ్యలో ఆగడం, మాట్లాడుతున్నా కళ్ళు సీసా మీంచి తీయకపోవడం... అవి గైడులో ఉండవు. ఆకులో పిండిపదార్థం పరీక్ష కూడా అలాంటిదే. పచ్చరంగు పోవడానికి ఆకును స్పిరిట్‌లో ఉడికించాలి, అయితే స్పిరిట్ గిన్నెను నేరుగా మంట మీద పెట్టకూడదు, వేడినీళ్ళ గిన్నెలో పెట్టాలి. దాని ఆవిరి ఇట్టే అంటుకుంటుంది. ఇలాంటివి ఇంట్లో చేసి చూస్తాననే వాళ్ళతో నాకు వాదన లేదు, వద్దంతే. హైపో (సోడియం థయోసల్ఫేట్) ద్రావణంలో ఆమ్లం చుక్కలు వేసి కాంతి పరిక్షేపణం, అంటే వెలుగు రేణువులకు తగిలి చెదరడం, చూపించేదీ అంతే. గంధకం సన్నటి రేణువులుగా ఏర్పడే కొద్దీ పక్కనుంచి చూస్తే నీలి ఛాయ, తెర మీద పడే వెలుగు నారింజ నుంచి ఎరుపుకి తిరగడం. ఫిబ్రవరి 28న సైన్స్ దినోత్సవానికి సారు దాన్నే చూపించారు. 1928లో రామన్ ఫలితాన్ని ప్రకటించిన రోజు అదే కాబట్టి వెలుగు ప్రయోగమే చేద్దామన్నారు.

ఇప్పుడు అరుగు మీద ప్రయోగం. పాత టార్చి సెల్లులు విప్పి రెండు కార్బన్ కడ్డీలు తీశాను. చేతులు నల్లగా అయ్యాయి, అమ్మ తిట్టింది. సగానికి కోసిన నీళ్ళ సీసా అడుగున వాటిని ఎం-సీల్‌తో బిగించాను. టెస్ట్ ట్యూబులకు బదులు సూది లేని సిరంజీలు రెండు, కడ్డీ లోపల పట్టేంత పెద్దవి. లోపలి కాడ తీసి, మొన మూసేసి, నీళ్ళతో నింపి బోర్లించాను. వాటి మీద మిల్లీలీటర్ల గీతలుంటాయి కాబట్టి కొలత సమస్య తీరింది. ఆమ్లం దొరకదు కదా, కరెంటు పారడానికి చెంచాడు ఉప్పు వేశాను. 9 వోల్టుల బ్యాటరీ తగిలించాను.

రుణ ధ్రువం వైపు సిరంజీలో గ్యాసు చకచకా 4 మిల్లీలీటర్లకు వచ్చింది. రెండో దాంట్లో 2 రావాలి, 1 కూడా దాటలేదు. పైగా ఊళ్ళో నీళ్ళ ట్యాంకు కడిగిన రోజు వచ్చే బ్లీచింగ్ పౌడర్ వాసన. బ్యాటరీ పాడైందనుకున్నాను. ఇంకో బ్యాటరీ కొని తగిలించాను, మళ్ళీ అదే. నోటుపుస్తకంలో "2:1" అని రాయబోయాను, ఎందుకంటే ల్యాబు రికార్డులో ఏడాదంతా అలాగే రాశాం. ప్రయోగం చేయకముందే సీనియర్ల రికార్డు చూసి పరిశీలనలు నింపేయడం మాకు అలవాటు. ఈసారి మాత్రం కనబడిందే రాశాను.

సెలవులయ్యాక సారుకి చూపిస్తే ముందు ఆ వాసన పీల్చినందుకు నాలుగు చివాట్లు పెట్టారు. అది క్లోరిన్. తర్వాత "రుణ ధ్రువం దగ్గరి నీటిని పసుపు రాసిన కాయితం మీద ఒక చుక్క వెయ్యి" అన్నారు. ఎర్రబడింది, పెళ్ళిలో పసుపులో సున్నం కలిపితే పారాణి అయినట్టు. అంటే అక్కడ క్షారం తయారైంది. అప్పుడు గుర్తొచ్చింది: ఉప్పునీటిలో కరెంటు పంపితే క్లోరిన్, హైడ్రోజన్, సోడియం హైడ్రాక్సైడ్. క్లోర్-ఆల్కలీ ప్రక్రియ! ఆమ్లాలు, క్షారాల పాఠంలో నాలుగు మార్కులకని బట్టీపట్టి, యూనిట్ టెస్టులో నాలుగుకి నాలుగూ తెచ్చుకున్నాను. అదే నా చేతులతో చేసి, ముక్కుతో పీల్చి కూడా గుర్తుపట్టలేదు. క్లోరిన్ కొంత నీళ్ళలోనే కరిగిపోతుంది కాబట్టి ఆ వైపు సిరంజీలో తక్కువ కనబడింది. తర్వాత ఉప్పు మానేసి వంటసోడాతో చేస్తే వాసన లేదు, కొలత సరిగ్గా రెండింతలు కాకపోయినా దగ్గరకు వచ్చింది.

చెల్లీ, మార్కులే లెక్కయితే నీకు ప్యానెలూ గైడూ చాలు, అబద్ధం చెప్పను. పటాలు కూడా ప్యానెల్లో చూసినవే పరీక్షలో చక్కగా వస్తాయి. ఆమ్లం, స్పిరిట్, మంట ఉన్నవి సారు బల్ల మీదే బాగుంటాయి. ఆమ్లమో క్షారమో చెప్పే పసుపు, మందార పువ్వు రసం, కుంభాకార కటకంతో గోడ మీద చెట్టు తలకిందులుగా పడటం, కరెంటు పారే తీగ దగ్గర దిక్సూచి ముల్లు తిరగడం, ఇవి మాత్రం చేత్తోనే చెయ్యి. అదీ ప్యానెల్లో చూడకముందు. ముందే చూసేస్తే నీ కళ్ళు అక్కడ ఉన్నది కాక, ఉండాల్సింది చూస్తాయి. నా రికార్డు నిండా అలాంటి చూపులే.

సిరంజీలు, కడ్డీలు, సీసా అన్నీ బిస్కెట్ల డబ్బాలో పెట్టి చెల్లికిచ్చేశాను. "ఎంతెంత వస్తుందక్కా?" అంది. ముందు నీకు తోచిన అంకె కాయితం మీద రాసి, అప్పుడు బ్యాటరీ పెట్టమన్నాను. డబ్బాలో వంటసోడా పొట్లం కూడా వేశాను. ఉప్పు సంగతి మాత్రం ముందే చెప్పేశాను, ఆ వాసన నాతోనే ఆగనీ.