ముప్ఫై ఎనిమిది దగ్గర ఆగిపోయే బండి

2024 నవంబరులో తెలంగాణలో ఎలక్ట్రిక్ బండ్లకు రోడ్ ట్యాక్స్, రిజిస్ట్రేషన్ ఫీజు తీసేసినప్పటి నుంచి నాకు ఫోన్లు ఎక్కువయ్యాయి. "అన్నా, నీ దగ్గర ఉంది కదా, కొనొచ్చా?" అని. ఒక్కొక్కరికీ అరగంట చెప్పలేక ఇక్కడ రాసి పెడుతున్నాను. కంపెనీ పేరు మాత్రం అడక్కండి. బ్యాటరీ వారంటీ మీద వాళ్లతో పడ్డ గొడవ తేలిపోయింది, మళ్లీ కెలకడం నాకిష్టం లేదు. పైగా వేరే కంపెనీల బండ్లు నడిపేవాళ్లను కదిపినా ఇంచుమించు ఇదే కథ చెబుతున్నారు.

నేను ఖమ్మంలో ఒక మందుల ఏజెన్సీలో సేల్స్‌మన్‌ని. మెడికల్ షాపులకు తిరిగి ఆర్డర్లు రాసుకోవడం, పాత బిల్లులు వసూలు చేయడం నా పని. ఒకరోజు నేలకొండపల్లి, ఒకరోజు కూసుమంచి, ఒకరోజు బోనకల్. రోజుకు 50, 60 కిలోమీటర్లు ఎటూ పోదు. పెట్రోలు 110 దరిదాపుల్లో ఉన్న రోజుల్లో, 2023 మే ఆఖరి వారంలో ఈ ఎలక్ట్రిక్ స్కూటర్ కొన్నాను. ఆ వారమే ఎందుకంటే జూన్ 1 నుంచి కేంద్రం సబ్సిడీకి కోత పెడుతోంది. బ్యాటరీలో పట్టే ప్రతి కిలోవాట్ అవర్‌కు, అంటే ఒక్కో యూనిట్ కరెంటుకు, 15 వేలు ఇచ్చేది 10 వేలకు, ఫ్యాక్టరీ ధరలో 40 శాతం దాకా ఉన్న పరిమితి 15 శాతానికి తగ్గిస్తున్నారు. షోరూమ్ ముందు జాతర. సేల్స్ కుర్రాడికి రంగుల గురించి చెప్పే తీరికే లేదు, ఇక సర్వీసు గురించి ఏం చెబుతాడు? "సర్వీస్ సెంటర్ ఎక్కడ తమ్ముడూ?" అంటే "వెనకే సార్" అన్నాడు. వెనక ఉన్నది బండ్లు కడిగే ర్యాంపు. అసలు సర్వీస్ సెంటర్ ఊరవతల రేకుల షెడ్డు అని మొదటి సర్వీసుకు వెళ్లినప్పుడు తెలిసింది.

బండి గురించి రెండు ముక్కలు. మంచి బండి. 3 కిలోవాట్ అవర్ బ్యాటరీ. కాగితం మీద 120 కిలోమీటర్లు అన్నారు, డిక్కీలో శాంపిల్ పెట్టెలతో నాకు 85 వచ్చేది. రాత్రి ఛార్జింగ్ పెడితే తెల్లారేసరికి నిండుతుంది, మూడున్నర యూనిట్లు కాలుతుంది. యూనిట్ ఏడు రూపాయలు వేసుకున్నా పాతిక రూపాయలు. ఆ లెక్క చూసే నేను ఇప్పటికీ దీన్ని అమ్మలేదు.

మొదటి ఏడాదిన్నరలో వచ్చినవి చిల్లర జబ్బులు. సైడ్ స్టాండ్ తీసినా తీయలేదనుకుని బండి కదిలేది కాదు. సెన్సార్‌కు బురద పట్టింది, తుడిస్తే పోయింది. ఛార్జర్‌లో ఫ్యాను చచ్చిపోయింది, వారంటీలోనే కొత్తది ఇచ్చారు, కాకపోతే తొమ్మిది రోజులకు. ఒకరోజు పొద్దున్నే బండి అసలు ఊపిరే తీసుకోలేదు. రాత్రంతా ఛార్జింగ్ పెట్టిన బండి! తీరా చూస్తే పెద్ద బ్యాటరీ బ్రహ్మాండంగా ఉంది, పోయింది 12 వోల్టుల చిన్న బ్యాటరీ. లైట్లు, హారను, డిస్‌ప్లే దాని మీదే నడుస్తాయి, పెద్ద బ్యాటరీని నిద్ర లేపేది కూడా అదే. దానికి వారంటీ ఏడాదే, నాకు దాటిపోయింది. కొనేటప్పుడు "మూడేళ్లు, 40 వేల కిలోమీటర్లు" అని మనకు చెప్పేది పెద్ద బ్యాటరీకీ మోటారుకీ. మిగతా సామాన్లకు వేరే లెక్క, అది వారంటీ పుస్తకం చివరి పేజీల్లో చీమ తలకాయంత అక్షరాల్లో ఉంటుంది.

అసలు కథ 2024 దసరా వెళ్లిన వారం మొదలైంది. కూసుమంచిలో పని చూసుకుని తిరిగొస్తున్నాను. డిస్‌ప్లే మీద 38 శాతం. ఇంటికి హాయిగా సరిపోతుంది. ఒక చిన్న ఎత్తు దగ్గర యాక్సిలరేటర్ కొంచెం తిప్పానో లేదో, బండి గుటుక్కుమంది. డిస్‌ప్లే ఆరి వెలిగింది, ఈసారి 4 శాతం. పది నిమిషాలు చెట్టు కింద ఉంచి ఆన్ చేస్తే మళ్లీ 38! రెండు కిలోమీటర్లు వచ్చి మళ్లీ గుటుక్కు. నడుస్తున్నప్పుడు ఆగిపోయిన ఎలక్ట్రిక్ బండిని తోయడమంటే ఏమిటో తోసినవాళ్లకే తెలుసు. చివరికి ట్రాలీ ఆటో మాట్లాడుకుని 700 ఇచ్చాను.

సర్వీస్ సెంటర్‌లో జాబ్ కార్డు మీద, అంటే బండికి ఏం జబ్బో రాసుకునే కాగితం మీద, అక్కడి పిల్లాడు "జనరల్ చెకప్" అని రాశాడు. నేనూ సంతకం పెట్టేశాను. ఇది నేను చేసిన మొదటి తప్పు. సాయంత్రం "సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ చేశాం సార్" అని బండి ఇచ్చారు. మూడో రోజు మళ్లీ 38 దగ్గరే ఆగింది. మళ్లీ జనరల్ చెకప్, మళ్లీ అప్‌డేట్. ఈలోగా ఫోనుకు మెసేజ్: "మీ ఫిర్యాదు విజయవంతంగా పరిష్కరించబడింది." ఆ మెసేజ్ వచ్చిన నిమిషంలో నేను సీటు ఊడదీసిన నా బండి పక్కనే స్టూలు మీద కూర్చుని ఉన్నాను.

మూడోసారి జాబ్ కార్డు నేనే చెప్పి రాయించాను. "38 శాతం చూపిస్తూ ఎత్తు మీద ఆగిపోతోంది, తర్వాత 4 శాతం చూపిస్తోంది, ఇది మూడోసారి." దానికి ఫోటో తీసుకున్నాను, తేదీ, కిలోమీటర్ల రీడింగ్ కనబడేలా. ఆ రోజు అక్కడ ఒక కుర్రాడున్నాడు, ఐటీఐ చదివాడట, ల్యాప్‌టాప్ ఆపరేట్ చేయడం ఆ షెడ్డు మొత్తానికి అతనొక్కడికే వచ్చు. బండికి తీగ తగిలించి స్క్రీను నా వైపు తిప్పాడు.

"చూడన్నా, ఇక్కడ పద్నాలుగు గీతలున్నాయి కదా, పద్నాలుగు సెల్ గ్రూపులు. పదమూడింటిని చూడు, 3.68, 3.69 వోల్టులు. ఇదొక్కటి చూడు."

తొమ్మిదో గీత పక్కన 3.02 ఉంది. పదమూడు గీతలు ఆకుపచ్చగా ఒకే ఎత్తులో నిలబడితే, ఇదొక్కటి నారింజ రంగులో కుంగిపోయి ఉంది.

అతను చెప్పింది నాకు అర్థమైనట్టు చెబుతాను. ఈ గ్రూపులన్నీ దండలో పూసల్లా వరుసగా ఉంటాయి. ఎత్తు ఎక్కేటప్పుడు మోటారు ఎక్కువ కరెంటు లాగితే బలహీనమైన గ్రూపు వోల్టేజీ ఇంకా కిందికి దిగుతుంది. బ్యాటరీలోనే బీఎమ్ఎస్ అని ఒక కాపలా బోర్డు ఉంటుంది. అది మొత్తం బ్యాటరీని చూసి ఊరుకోదు, ఏ ఒక్క గ్రూపు హద్దు దాటినా కరెంటు కోసేస్తుంది. కోయాలి కూడా, లేకపోతే ఆ సెల్ పూర్తిగా చెడి వేడెక్కుతుంది. కాసేపు ఆపితే ఆ గ్రూపు కొంచెం తేరుకుంటుంది, అందుకే మళ్లీ 38. అంటే అప్‌డేట్లు ఎన్ని చేసినా లాభం లేదు, జబ్బు సాఫ్ట్‌వేర్‌లో లేదు.

"మరి ఇది మొదటిరోజే ఎందుకు చూడలేదు తమ్ముడూ?"

"జనరల్ చెకప్‌కు ల్యాప్‌టాప్ పెట్టం అన్నా."

రిపోర్టు కంపెనీకి పంపారు. మూడు వారాల తర్వాత మేనేజరు పిలిచి, "బ్యాటరీలోకి నీళ్లు వెళ్లాయట సార్, వారంటీ రాదు" అన్నాడు. కొత్త బ్యాటరీకి 60 వేల పైన చెప్పాడు.

ఖమ్మం వాళ్లకు నీళ్లు అనగానే ఏది గుర్తొస్తుందో చెప్పక్కర్లేదు. 2024 సెప్టెంబరు 1, ఆదివారం. మున్నేరు నది పొంగి బొక్కలగడ్డ, వెంకటేశ్వర నగర్, మంచికంటి నగర్ వైపు ఇళ్లలోకి వచ్చేసింది. ప్రకాశ్ నగర్ వంతెన మీద తొమ్మిది మంది చిక్కుకుంటే జేసీబీ తీసుకెళ్లి కాపాడారు. ఆ తర్వాత నెల రోజులు ఆ షెడ్డు నిండా బురద పట్టిన బండ్లే. వాళ్ల బాధ నా బాధకంటే వందరెట్లు పెద్దది, దాని మీద నాకు ఒక్క మాట లేదు. కానీ మా వీధికి మున్నేరు రాలేదు. నా బండి ఆ రోజు ఎత్తు వరండాలో ఉంది, చక్రం కూడా తడవలేదు. ఖమ్మం పిన్‌కోడ్ చూసి అందరినీ ఒకే గాటన కట్టేశారని నా అనుమానం.

అప్పుడు మేనేజరు గొంతు తగ్గించి ఒక ఉపాయం చెప్పాడు. "వరదలో మునిగిందని ఇన్సూరెన్స్ క్లెయిమ్ పెట్టేయండి సార్. అందరూ పెడుతున్నారు. కాగితాలు మేం చూసుకుంటాం."

అబద్ధం చెప్పను, ఒక్క క్షణం ఊగాను. 60 వేలంటే మాటలా? ఇంటికొచ్చి చెబితే మా ఆవిడ ఒకటే అడిగింది. "మునగని బండి మునిగిందని సంతకం పెడితే, వాళ్లు రాసిందే నిజమని నువ్వే ఒప్పుకున్నట్టు కదా?" అవును కదా. క్లెయిమ్ తేడా కొట్టిందంటే ఇటు ఇన్సూరెన్సూ పోయి అటు వారంటీ కూడా పోయేది.

మర్నాడు నాలుగు కాగితాలు పట్టుకుని వెళ్లాను. ఒకటి బ్రోచరు, అందులో బ్యాటరీకి ఐపీ67 అని పెద్దగా వేశారు. అంటే మీటరు లోతు నీళ్లలో అరగంట ఉంచినా లోపలికి నీళ్లు రాకూడదని. రెండోది సర్వీసు పుస్తకం, ప్రతి సర్వీసుకూ ముద్ర ఉంది. ఒక్కటి తప్పినా వారంటీ లేదంటారు, జాగ్రత్త. మూడోది ల్యాప్‌టాప్ స్క్రీను ఫోటో. నాలుగోది, బ్యాటరీ పెట్టె మీద కంపెనీ సీలు చెక్కు చెదరకుండా ఉన్న ఫోటో.

"సార్, సీలు తీయనే లేదు. మరి లోపల నీళ్లున్నాయని ఎవరు చూశారు?"

మేనేజరు ఫోటో వంక చూశాడు, నా వంక చూశాడు, టీ చెప్పాడు.

టీ తాగాను కానీ వారంటీ ఎందుకు రాదో రాసివ్వమని అడిగాను. రాసివ్వలేదు. ఈమెయిల్లో అడిగితే "సంబంధిత బృందానికి పంపాం" అని అదే సమాధానం నాలుగుసార్లు వచ్చింది. అప్పుడు 1915కి ఫోన్ చేశాను. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ అది, తెలుగులోనే మాట్లాడారు. బిల్లు, జాబ్ కార్డులు, ఫోటోలు అప్‌లోడ్ చేయమన్నారు, చేశాను. ఆ అమ్మాయి ఒక విషయం సూటిగా చెప్పింది. వాళ్లు కంపెనీతో మాట్లాడి చూస్తారు తప్ప తీర్పు ఇవ్వరు. కుదరకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లాలి, కొన్న వస్తువు ఐదు లక్షల లోపుదైతే కేసుకు ఫీజు ఉండదు. నేను అందుకు కూడా సిద్ధపడి కాగితాలు జిరాక్సు తీయించి పెట్టుకున్నాను.

పన్నెండో రోజు కంపెనీ నుంచి ఫోన్. అప్పటిదాకా నన్ను టికెట్ నంబరుతో తప్ప పిలవనివాళ్లు "గారు" తగిలించి మరీ మాట్లాడారు. "మళ్లీ పరిశీలించాం సార్, సెల్ లోపమే." డిసెంబరు ఆఖరి వారంలో కొత్త బ్యాటరీ బిగించారు. మొదటిసారి ఆగిన రోజు నుంచి లెక్కేస్తే 70 రోజుల పైమాట. ఆ రోజులన్నీ మా బావమరిది పాత పెట్రోలు బండి మీద తిరిగాను. రోజుకు 130 రూపాయలు తాగింది అది. దాదాపు ఎనిమిది వేలు నా జేబులోంచి పోయాయి, వాటిని అడిగితే "పాలసీలో లేదు సార్" అన్నారు. ఇంకో మెలిక, కొత్త బ్యాటరీకి కొత్తగా మూడేళ్లు ఇవ్వరు. పాత వారంటీలో మిగిలిందే, నాకు 2026 మే దాకా, లేదా ఆ 40 వేల కిలోమీటర్లు నిండేదాకా. కొత్త బ్యాటరీ సీరియల్ నంబరు పుస్తకంలో రాయించి ముద్ర వేయించుకున్నాను. రాయకుండానే పంపబోయారు.

ఇప్పుడు బండి 90 ఇస్తోంది, పాతదానికంటే ఎక్కువే. కూసుమంచి ఎత్తు దగ్గర మాత్రం ఇప్పటికీ నా కన్ను డిస్‌ప్లే మీదికే పోతుంది.

కొనొచ్చా అని అడిగేవాళ్లకు నేను చెప్పేది ఇదే. షోరూమ్‌కు వెళ్లకముందే ఒక పొద్దున సర్వీస్ సెంటర్ షెడ్డు ముందు గంటసేపు నిలబడండి. ఎన్ని బండ్లకు దుమ్ము పట్టిందో చూడండి. బండి తీసుకోవడానికి వచ్చినవాళ్ల మొహాలు చూడండి. బ్యాటరీని ల్యాప్‌టాప్‌కు తగిలించి చూడగల మనిషి ఆ షెడ్డులో ఎంతమంది ఉన్నారో అడగండి.

నన్ను మార్కులు వేయమంటే బండికి ఐదుకు నాలుగు. సర్వీసుకు ఒకటిన్నర, ఆ సగం టీకి. ల్యాప్‌టాప్ కుర్రాడికి ఐదుకు ఐదు. మొన్న సంక్రాంతి తర్వాత సర్వీసుకు వెళ్తే అతను కనబడలేదు. సూర్యాపేటలో వేరే కంపెనీలో చేరాడట. ల్యాప్‌టాప్ మాత్రం బల్ల మీదే ఉంది. పాస్‌వర్డ్ ఎవరికీ తెలియదట.