చేప దవడని మొదటి పేరాలోకి తెచ్చిన ఫిన్లాండ్ మేడం

శ్రీకాకుళం ఏడు రోడ్ల కూడలి దగ్గర మాది పొందూరు ఖద్దరు దుకాణం. బయటి దేశాల్లో ఉన్న మనవాళ్ళు అడుగుతున్నారని, సరుకు గురించి ఇంగ్లీషులో మూడు పేజీలు రాయించుదామనుకున్నాను. మొదట ఒకరికి ఇస్తే 'తరతరాల వారసత్వ సోయగం' అని మొదలెట్టి పంపారు. అందులో ఖద్దరు తీసేసి కంచిపట్టు అని పెట్టినా చక్కగా సరిపోతుంది. పదివేలు పోయాయి.

మా మేనల్లుడు ఫిన్లాండులోని ఎస్పో అనే ఊళ్ళో ఉద్యోగం చేస్తున్నాడు. "మావయ్యా, మా అపార్ట్‌మెంటులో ఒకావిడ ఉంది, ఇదివరకు పత్రికల్లో పనిచేసిన మనిషి. ఇప్పుడు కంపెనీలకి రాతపని చేసిపెడుతోంది, మాట్లాడతావా?" అన్నాడు. రెండు గంటల మాట, మూడు పేజీల రాత, మొత్తం 300 యూరోలు. మన డబ్బుల్లో ముప్పై వేలు దాటింది. మా ఆవిడకి ఇప్పటికీ ఆ అంకె చెప్పలేదు, ఇది చదివితే తప్ప.

అంత ఎందుకో ఆవిడే చెప్పింది, నేనడక్కుండానే. మొదట దినపత్రిక డెస్కు, తర్వాత ఒక నెలపత్రిక, ఆ తర్వాత పుస్తకాల ప్రచురణ సంస్థలో ఎడిటరు. ఫిన్లాండులో పత్రికలు ఎక్కువగా చందాల మీద బతికేవే. ఆ చందా మీద అదివరకు పన్ను లేదు. 2012 జనవరి నుంచి 9 శాతం వేశారు, మరుసటేడు పది చేశారు. చందాలు తగ్గాయి, ఆవిడ పత్రికలో బల్లలు ఖాళీ అయ్యాయి. అక్కడి పెద్ద పత్రిక హెల్సింగిన్ సనోమత్ కూడా 2013 జనవరిలో పెద్ద సైజు వదిలేసి చిన్న సైజుకి దిగింది. ఆవిడ ఇంకొన్నాళ్ళు చూసి, సొంత పేరు మీద రిజిస్టరు చేసుకుంది. మన ప్రొప్రయిటర్ దుకాణం లాంటిదే, వాళ్ళ భాషలో 'టోయిమినిమి' అంటారట. సొంతంగా చేసుకునేవాళ్ళు పింఛను బీమా కూడా తామే కట్టుకోవాలి, అదంతా ఫీజులో ఉంటుంది అంది. జీతాలిచ్చేవాణ్ణి, నాకు అర్థమైంది.

ఇక పని సంగతి. ఆవిడ రాసేది తక్కువ, అడిగేది ఎక్కువ. నేను ముందుగా పంపిన కాగితంలో 'ప్రపంచ ప్రసిద్ధి' అని ఉంది. ఎవరు చెప్పారు అంది. 'గాంధీగారు మెచ్చిన' అని ఉంది. ఎక్కడ రాశారు, ఏ తేదీన అంది. 'పూర్తి సేంద్రియం' అని ఉంది. సర్టిఫికెట్టు చూపించమంది. నా దగ్గర లేదు, కొట్టేసింది. అడిగాక జవాబొచ్చేదాకా నోరు విప్పదు. రెండుసార్లు లైను కట్టయిందనుకుని 'హలో హలో' అన్నాను.

అన్నిటికన్నా అడుగున, చిన్నక్షరాల్లో, వాలుగ చేప సంగతి రాశాను. కొండపత్తిని గింజ తీయకముందే వాలుగ దవడ ఎముకతో దువ్వుతారు. దాని సన్నటి పళ్ళకి చెత్త తగులుకుని, పోగులు సాపుగా వస్తాయి. శాకాహారులు ఏమనుకుంటారో అని దాన్ని దాచినంత పని చేశాను. ఆవిడ అక్కడ ఆగిపోయింది. దవడ ఎక్కడ దొరుకుతుంది? గోదావరి వైపు జాలర్ల దగ్గర కొనుక్కొస్తారు. ఎన్నాళ్ళు పనికొస్తుంది? నాకు తెలీదు! ముప్పయ్యేళ్ళుగా ఈ గుడ్డ అమ్ముతున్నాను. మర్నాడు పొందూరు వెళ్ళి నూలు వడికే ముసలమ్మనడిగాను. "ఏటి బావూ, సేప దవడ సంగతి ఆ దొరసానికెందుకట?" అని నవ్వి, "పళ్ళరిగీదాకా" అంది. ఆ మాట యథాతథంగా మొదటి పేరాలో ఉంది ఇప్పుడు. ఏకులు, అంటే వడకడానికి సిద్ధం చేసిన దూది చుట్టలు, పాడవకుండా ఎండిన అరటి దొప్పలో చుట్టి దాస్తారన్నది రెండో పేరా. గాంధీగారు మూడో పేజీకి వెళ్ళారు.

ఈ అడిగే జబ్బు డెస్కు నుంచి వచ్చిందే అంది. వాళ్ళ దేశంలో అచ్చు స్వేచ్ఛకి చట్టం 1766లోనే వచ్చిందట; అప్పుడు ఫిన్లాండు స్వీడన్ రాజ్యంలో భాగం. దాని కోసం పోట్లాడినవాడు ఆండర్స్ చుడేనియస్ అనే పల్లెటూరి పాస్టరు. మనకి బొబ్బిలి యుద్ధం 1757. తొమ్మిదేళ్ళే తేడా. ఇది బేరానికి సంబంధం లేని మాట, అయినా రాయాలనిపించింది.

భాష తేలిగ్గా ఉంటుంది. వాళ్ళ రేడియోలో రోజూ 'సెల్కో' అనే సులువైన ఫిన్నిష్‌లో వార్తలు చదువుతారట, కొత్తగా వచ్చినవాళ్ళకీ, మామూలు భాష కష్టమైనవాళ్ళకీ. మన పేజీలూ ఆ పద్ధతిలోనే కుదించింది. మా అమ్మాయి 'చప్పగా ఉంది నాన్నా' అంది. నిజమే, ఉప్పు కాస్త తక్కువే. చీర రంగు గురించి ఒక్క వాక్యం రాయించడానికి నేను బతిమాలాల్సొచ్చింది. ఫొటోలు తియ్యదు, ఇన్‌స్టాగ్రామ్ ముట్టుకోదు. అవి కావాలంటే ఈవిడ దగ్గరికి వెళ్ళకండి.

ఇంకో లోపం. మాట 'మా ఉదయం పదింటికి' అని ఖాయమైంది. మనకి పన్నెండున్నర అని లెక్కేసుకుని అన్నం తినకుండా కూర్చున్నాను. అంతకు ముందు ఆదివారమే అక్కడ గడియారాలు గంట వెనక్కి తిప్పారు. అక్టోబరు చివరి ఆదివారం ఏటా అంతేనట. ఆవిడ ఒక ముక్క రాసుండొచ్చు. అన్నేసి ప్రశ్నలడిగే మనిషి ఇదొక్కటీ మర్చిపోయింది. ఒకటిన్నరకి నవ్వుతూ వచ్చింది, నాకు ఆకలి. పేరు పెట్టి పిలవమంది కానీ నోరు రాలేదు, చివరిదాకా మేడం అనే అన్నాను.

పేజీలు పెట్టాక న్యూజెర్సీ నుంచి ఒకావిడ ఉత్తరం రాసింది: శాకాహారులం, ఆ చేపని దవడ కోసమే చంపుతారా అని. కాదమ్మా, జాలర్లు తినడానికి పట్టిన చేపలవే అని జవాబిచ్చాను. రెండు చీరలు తీసుకుంది.

పంచెల పేజీ కూడా ఈవిడకే ఇస్తున్నాను. కౌంటర్ వెనక గోడకి కాగితం అంటించాను: చలికాలం మూడున్నర గంటలు, ఎండాకాలం రెండున్నర.