చేపల గదిలో రెండు 'లోతులు' మార్చాలట: ఒక అనువాద సర్వీసుకి నా రివ్యూ (5కి 2.5)

నేనుండేది స్పెయిన్‌లో, గలీసియా తీరాన విగో ఊళ్లో. పాత చెక్క పడవ కొందామనుకునేవాళ్ల తరఫున దాన్ని తట్టి, గోకి, పొడిచి చూసి రిపోర్టు రాయడం నా పని. పోయిన వేసవిలో ఐర్లండ్ నుంచి ఒకాయన ఇక్కడి చేపల పడవ ఒకటి బేరమాడాడు. పొడవు 13.40 మీటర్లు, వెడల్పు 4.20. హల్, అంటే పడవ ఒళ్లు, దాని రిపేరుకి పడవల యార్డు ఇచ్చిన కాగితాలు 41 పేజీలు, అంతా స్పానిష్. నేనే ఇంగ్లిష్‌లోకి మార్చేసేవాణ్ణి, కానీ ఇన్సూరెన్స్ వాళ్లు నాకు సంబంధం లేని మూడో మనిషి చేసిన అనువాదమే కావాలన్నారు. అందుకని ఆన్‌లైన్‌లో 'నౌకా రంగ నిపుణులం' అని రాసుకున్న ఒక ఏజెన్సీకి పంపాను. పేరు చెప్పను. మాటకి 12 సెంట్లు, 9,600 మాటలు, 21 శాతం పన్నుతో కలిపి దగ్గర దగ్గర 1,394 యూరోలు.

ముందు మంచి చెబుతాను. చెప్పిన రోజుకే ఇచ్చారు. పట్టికలు చెదరలేదు, కొలతల్లో ఒక్క అంకె తప్పు పోలేదు. ఇంగ్లిష్ చదవడానికి హాయిగా ఉంది. అదే కొంప ముంచింది. భాష అంత నున్నగా ఉంటే లోపల తప్పుందని ఎవరికి అనుమానం వస్తుంది?

స్పానిష్ పడవవాళ్లు 'ఫోర్రొ' అంటారు. బట్టల కొట్లో అడిగితే కోటు లోపలి లైనింగ్ చూపిస్తారు. పడవ విషయంలో మాత్రం అస్థిపంజరానికి తొడిగిన పలకలన్నీ ఫోర్రోనే: బయటివి ఫోర్రొ ఎక్స్‌టీరియర్, లోపలివి ఫోర్రొ ఇంటీరియర్. నీళ్లని ఆపేది బయటిది. ఇంగ్లిష్‌లో దాన్ని ప్లాంకింగ్ అనాలి. ఏజెన్సీవాళ్లు 31 చోట్లా 'లైనింగ్' అనే రాశారు. దాంతో నీటి మట్టానికి కింద ఎనిమిది పలకలు మార్చే పని కాస్తా క్యాబిన్‌లో అందం కోసం కొట్టే చెక్కపనిలా కనబడింది. క్లయింటు ఫోన్ చేసి, "అలంకారానికి ఇంత బిల్లా?" అన్నాడు. ఆయన తప్పేం లేదు, కాగితంలో ఉన్నదే చదివాడు.

ఇక 'పుంతాల్'. మొదటి పేజీ కొలతల్లో పుంతాల్ అంటే హల్ లోతు. చేపలు దాచే గదిలోకి దిగితే అదే మాటకి డెక్కుని మోసే నిలువు స్తంభం అని అర్థం. ఈ అనువాద సాఫ్ట్‌వేర్లు ఒక మాటకి ఒకసారి ఇచ్చిన అర్థాన్ని గుర్తుపెట్టుకుని, ఆ మాట మళ్లీ కనబడినప్పుడల్లా అదే ముందుకు తోస్తాయి. పని త్వరగా అవుతుంది, రేటు తగ్గించడానికీ అదే కారణం. మా కాగితంలో జరిగిందిదే: "చేపల గదిలో ఓక్ కర్రతో రెండు లోతులు మార్చాలి." నవ్వాలో ఏడవాలో తెలియలేదు. 'ఎస్లోర'దీ ఇదే గొడవ. అది పడవ పొడవూ అవుతుంది, డెక్కు కింద నిలువునా పోయే దూలమూ అవుతుంది. బావొల కొనలు ఆనే పొడుగు పలక 'దుర్మియెంతె' వచ్చేసరికి 'స్లీపర్' అయిపోయింది. బావొ అంటే డెక్కు కింద అడ్డదూలం. స్లీపర్ అంటే నాకు రైలు పట్టాలు గుర్తొచ్చాయి.

ఎర్ర సిరాతో గుర్తులు పెట్టి తిప్పి పంపాను. రెండు రోజులు జవాబు లేదు. ఆ తర్వాత ఒక ఫారం వచ్చింది: తప్పు 'చిన్నదా, పెద్దదా, అభిరుచి విషయమా' అని టిక్ చెయ్యమని. అభిరుచట! గట్టిగా రాస్తే అప్పుడు ఇంకొకావిడకి అప్పజెప్పారు. ఆవిడ మొదటి మెయిల్‌లోనే నన్ను అడిగింది: "మధ్యలో అడ్డంగా కోసి చూపించే డ్రాయింగు ఉందా?" ఆ ప్రశ్నతోనే నాకు సగం టెన్షన్ తగ్గింది.

డ్రాయింగు యార్డులో ఉంది గానీ దానిమీద పేర్లు లేవు. వెళ్లి అక్కడి పెద్ద వడ్రంగిని అడిగాను. ఇక్కడ పడవలు కట్టేవాళ్లని కార్పింతేరొ దె రిబేర అంటారు, ఒడ్డున పనిచేసే వడ్రంగి అని. ఆయన మాట్లాడకుండా సుద్దముక్క తీసి పడవ కిందికి దూరాడు. నడుం వంచి నేనూ దూరాను. కీల్ (పడవ అడుగున వెన్నెముకలా పోయే దూలం) పక్కన పొడుగూతా చెక్కిన గాడిలో వేలు పెట్టి నడిపించి "అలెఫ్రీథ్" అన్నాడు. మొదటి అనువాదంలో ఈ మాటని స్పానిష్‌లోనే వదిలేశారు, తెలియనిది తెలియనట్టు వదిలేసినందుకు దానికి నేను మార్కులు తగ్గించలేదు. ఇంగ్లిష్‌లో దీన్ని ర్యాబెట్ అంటారు. కీల్‌ని ఆనుకుని ఉండే మొదటి పలక, వీళ్ల అపరదూర, ఇంగ్లిష్ గార్బోర్డ్, దాని అంచు ఈ గాడిలోనే కూర్చుంటుంది. సందులో కుక్కిన నార పాతబడి వేలికి నల్లగా అంటుకుంది. తారు వాసన. ఇలా సందులు పూడ్చేవాణ్ణి స్పానిష్‌లో, పోర్చుగీసులో కలఫాతె అంటారు. హిందుస్తానీ ఓడ మాట 'కలాపత్తి' ఆ పోర్చుగీసు మాట నుంచే వచ్చింది. తాళ్ళరేవులో చెక్క పడవల మధ్య పెరిగినవాణ్ణి, విగోలో ఒక పడవ కింద మోకాళ్ల మీద కూర్చుని అది గుర్తొచ్చి నాలో నేనే నవ్వుకున్నాను. ఆయన ఒక్కో ముక్క మీదా సుద్దతో అంకె వేశాడు, నేను ఫొటోలు తీసి ఆవిడకి పంపాను.

రెండో అనువాదం బాగా వచ్చింది. కీల్‌కి అడ్డంగా పడే 'బరేంగ'లు ఫ్లోర్లు అయ్యాయి, లోపలి ఫోర్రొ సీలింగ్ అయింది. రెండూ సరైనవే. మళ్లీ క్లయింటు ఫోన్: "ఫ్లోరుకి వార్నిష్ ఎందుకు వెయ్యట్లేదు? సీలింగ్ గోడలకి ఎందుకుంది?" ఇది మాత్రం ఇంగ్లిష్ పడవవాళ్ల పాపం. వాళ్ల ఫ్లోర్ మీద ఎవరూ నడవరు, వాళ్ల సీలింగ్ నెత్తి మీద ఉండదు. పైగా బీమ్ అంటే డెక్కు దూలమూ, పడవ వెడల్పూ కూడా. స్పానిష్‌లో ఈ రెంటికీ బావొ, మాంగ అని వేర్వేరు మాటలున్నాయి. ఆవిడ అడక్కుండానే చివర ఒక పేజీ పదాల పట్టిక చేర్చింది, సుద్ద అంకెల ప్రకారం. ఇన్సూరెన్స్ ఆఫీసు చివరికి ఎక్కువగా చదివింది ఆ పేజీనే.

డబ్బు తిరిగి ఇవ్వలేదు. వచ్చేసారికి 15 శాతం తగ్గింపు కూపన్ ఇచ్చారు. ఇచ్చిన మార్కుల్లో రెండు ఆవిడవి, అర చెదరని పట్టికలది.

మీరూ పంపేటట్టయితే ముందుగానే డ్రాయింగు, భాగాలకి అంకెలు వేసిన ఫొటోలు జతచెయ్యండి. అనువాదకులు ఇంతకుముందు పడవ పని చేశారేమో డబ్బు కట్టకముందే అడగండి. నాకు అక్టోబరులో ఇంకో పడవ ఉంది, ఇది తింగ్లాదీయొ, అంటే పలక మీద పలక ఎక్కించి కట్టింది. ఆవిడే చేస్తానంటే కూపన్ వాడుకుంటాను. లేకపోతే కూపన్ ఎవరికైనా కావాలంటే అడగండి.