కైల్ హైన్స్ ఫ్లెక్సీ: గడియారం సెంటర్ దుకాణం పనితనం

బాస్కెట్‌బాల్ వేసవి శిబిరానికి ఒక ఫ్లెక్సీ కావలసి, నల్లగొండ గడియారం సెంటర్ పక్క సందులోని ఒక దుకాణంలో వేయించాను. ఎనిమిదడుగుల పొడవు, ఆరడుగుల ఎత్తు. చదరపు అడుగుకు 15 రూపాయల చొప్పున 720 అయింది, చెక్క ఫ్రేముకు మరో 400. లోపాలు కూడా చెప్పబోతున్నాను కాబట్టి దుకాణం పేరు రాయను. ఆ సందులో ఎవరి దగ్గరికి వెళ్లినా పద్ధతి ఇంచుమించు ఇదే.

కంప్యూటర్ ముందున్న కుర్రవాడు తలెత్తకుండానే "పుట్టినరోజా సార్, స్వాగతమా?" అని అడిగాడు. రెండూ కాదు, ఒక అమెరికా ఆటగాడి గురించి అన్నాను. "ఎన్‌బీఏలో ఆడతాడా సార్?" అన్నాడు. అమెరికాలోని ఆ అగ్రశ్రేణి లీగులో ఒక్క మ్యాచ్ కూడా ఆడలేదని చెప్పేసరికి అతని ఉత్సాహం సగానికి పడిపోయింది. అలాంటప్పుడు ఫ్లెక్సీ ఎందుకన్నట్టు నా వైపు చూశాడు.

కైల్ హైన్స్ న్యూజెర్సీవాడు. ఎత్తు 198 సెంటీమీటర్లు. మన ఇళ్లలో ఏ గుమ్మం దగ్గరైనా తల వంచాల్సిన మనిషే, కానీ సెంటర్ స్థానంలో, అంటే బుట్ట దగ్గర కాపు కాస్తూ ఆడేవాడికి ఆ ఎత్తు చాలదంటారు. నార్త్ కరోలినా విశ్వవిద్యాలయం గ్రీన్స్‌బరో జట్టుకు నాలుగేళ్లు ఆడి 2000కు పైగా పాయింట్లు చేశాడు. అయినా 2008లో ఎన్‌బీఏ జట్లలో ఒక్కటీ అతన్ని ఎంచుకోలేదు. ఇటలీ వెళ్లి వెరోలీ అనే చిన్న పట్టణం జట్టులో చేరాడు, అదీ రెండో శ్రేణి లీగులో. రెండు సీజన్ల తర్వాత జర్మనీలో బాంబెర్గ్, ఆపైన గ్రీసులో ఒలింపియాకోస్, మాస్కోలో సీఎస్‌కేఏ, 2020 నుంచి మళ్లీ ఇటలీలో మిలాన్. 2024లో ఆట విరమించేనాటికి ఐరోపా క్లబ్బుల అగ్రస్థాయి పోటీ అయిన యూరోలీగ్‌లో అతని పేరిట నాలుగు కప్పులున్నాయి: 2012, 2013, 2016, 2019. ఆ లీగులో ఉత్తమ డిఫెండర్ బహుమతి మూడుసార్లు అందుకున్నాడు. ఇదంతా ఒక కాగితం మీద రాసుకుని వెళ్లాను.

వాళ్ల సాఫ్ట్‌వేరు పాతది. మనం వాట్సాప్‌లో పంపిన తెలుగు అందులో అతికిస్తే గజిబిజి గీతలుగా మారిపోతుంది. మళ్లీ మొదటి నుంచి టైపు చేయాల్సిందే. కుర్రవాడి వేళ్లు చురుకైనవి, ఒత్తులు ఎక్కడా తప్పలేదు. ఒలింపియాకోస్‌ను మాత్రం తన చొరవతో ఒలింపిక్స్‌గా దిద్దాడు. వెరోలీ పేరు తీసేస్తే బాగుంటుందని సలహా కూడా ఇచ్చాడు. "చిన్న జట్టు కదా సార్, పెద్దవే పెడదాం" అన్నాడు. నాయకుల ఫ్లెక్సీల్లో వార్డు మెంబరుగా చేసిన రోజులను ఎవరూ వేయించరు మరి. నేను ఒప్పుకోలేదు. మా శిబిరానికి వచ్చే పిల్లలకు మిలాన్ కంటే వెరోలీయే పనికొస్తుంది. అక్కడ ఆడకపోతే బాంబెర్గ్ పిలుపు ఎక్కడిది?

అసలు పేచీ బొమ్మ దగ్గర వచ్చింది. ఇంటర్నెట్ ఫోటోలు ఇంత పెద్ద సైజులో పగిలిపోతాయి, కాబట్టి నిండు నలుపులో ఆకారం గీయమన్నాను. పక్కనే రియల్ మాడ్రిడ్ సెంటర్ వాల్టర్ తవారెస్ ఆకారం కూడా అడిగాను. అతని ఎత్తు 220 సెంటీమీటర్లు. తవారెస్ 55 అంగుళాలుంటే హైన్స్ నలభై తొమ్మిదిన్నర ఉండాలని కొలతలిచ్చాను. సాయంత్రం ఫోనుకు వచ్చిన నమూనాలో హైన్స్ అతని కంటే ఒక తల ఎక్కువ ఉన్నాడు, వెనక సూర్యకిరణాలతో సహా. "హీరో పొట్టిగా ఉంటే ఎలా సార్?" అన్నాడు కుర్రవాడు. ఏళ్ల తరబడి చేస్తున్న పని అది, పక్కవాళ్లను చిన్నగా, మధ్యలోవాడిని పెద్దగా వేయడం. చేయి దానంతట అదే అటు పోతుంది.

కుర్చీ లాక్కుని కూర్చుని విషయం చెప్పాను. అంతర్జాతీయ నియమాల ప్రకారం డిఫెన్స్ ఆడే పొడుగువాడు బుట్ట కింద ఎంతసేపైనా నిలబడవచ్చు. ఎన్‌బీఏలో అయితే ఎవరినీ దగ్గరగా కాయకుండా మూడు సెకన్లు దాటితే తప్పు పడుతుంది. ఈ లెక్కన ఐరోపాలో పొడుగువాళ్లకే గిరాకీ ఉండాలి. కానీ ఎదుటి జట్టు స్క్రీన్ పెట్టి, అంటే కాపలా ఆటగాడి దారికి ఒకరు అడ్డం నిలబడి, ఆ పొడుగువాణ్ని బుట్ట దగ్గర నుంచి బయటికి లాగిందంటే, బంతి నడిపే చురుకైన గార్డు వెంట కదలలేక దొరికిపోతాడు. హైన్స్ దొరికేవాడు కాదు. స్క్రీన్ పడగానే గార్డు మీదికి తానే మారి, నడుము వంచి, కాలికి కాలు తగలకుండా పక్కకు అడుగులేస్తూ అతన్ని కట్టడి చేసేవాడు. రీబౌండ్‌కు, అంటే బుట్టలో పడక వెనక్కి వచ్చే బంతికి, ముందుగా ఎగిరేవాడు కాదు. పొడుగువాడి తొడకు తన తుంటి ఆనించి, అతన్ని బుట్టకు దూరంగా నెట్టి, ఆ తర్వాతే బంతి వైపు చూసేవాడు. 2019 యూరోలీగ్ సెమీఫైనల్లో తవారెస్ ఉన్న మాడ్రిడ్‌ను హైన్స్ ఉన్న సీఎస్‌కేఏ 95–90తో ఓడించింది. హైన్స్ పొట్టిగా కనిపించకపోతే ఈ ఫ్లెక్సీ దండగ అన్నాను. కుర్రవాడు కాసేపు ఆలోచించి, సూర్యకిరణాలు చెరిపేసి, స్కేలు పెట్టి కొలిచి మరీ సరిచేశాడు. ఈ ఓపికకు ఎన్ని మార్కులైనా వేస్తాను.

2012 యూరోలీగ్ ఫైనల్ స్కోరు 62–61ని పెద్ద అంకెల్లో వేయించాను. ఇస్తాంబుల్‌లో 19 పాయింట్లు వెనకబడిన ఒలింపియాకోస్, ఇంకా 0.7 సెకన్లు ఉందనగా తమ ఆటగాడు ప్రింటెజిస్ వేసిన బుట్టతో సీఎస్‌కేఏ మీద గెలిచింది. మరుసటి ఏడాదే హైన్స్ ఆ ఓడిన జట్టులో చేరాడు. "పార్టీ మారాడన్నమాట" అన్నాడు కుర్రవాడు. విదేశాల్లో ఆడేవాళ్ల ఒప్పందాలు అలాగే ఉంటాయని సర్దిచెప్పాను.

రంగుల్లో చిన్న చిక్కు వచ్చింది. ఒలింపియాకోస్, సీఎస్‌కేఏ, మిలాన్ మూడింటికీ ఎరుపు ఉంది. అన్నీ కలిసేసరికి దూరం నుంచి చూసినవాళ్లు నల్లగొండలో ఏ మహాసభకో అనుకునేలా తయారైంది. వెనక రంగును లేత పసుపు చేయించాక కాస్త తగ్గింది. అచ్చు శుభ్రంగా ఉంది, అక్షరాల అంచులు పదునుగా వచ్చాయి. కానీ మన మే ఎండకు శిబిరం ముగిసేలోపే ఎరుపు వెలిసి నారింజకు తిరిగింది. దుకాణంవాళ్లు బాగా మన్నే సిరా అన్నారు, ఆ మాట నమ్మవద్దు. ఫ్రేముకు వాడిన చెక్క కూడా పలచన. మొదటి గాలివానకే ఒక మూల ఊడింది. మళ్లీ మేకులు కొట్టడానికి మనిషిని పంపారు, డబ్బు అడగలేదు.

మాట చెప్పి వదిలేస్తే మీ మనిషికి కూడా సూర్యకిరణాలు వస్తాయి. విషయం కాగితం మీద రాసుకెళ్లి, నమూనాను ఫోనులో కాకుండా అక్కడే తెర మీద చూసి, కొలతలు మీరే సరిచూసుకుంటే ఆ ధరకు ఇది మంచి పనే. ఎన్నికల రోజుల్లో, పండుగల ముందు వెళ్లకండి, నాయకుల పని అయ్యేదాకా మనది మొదలుపెట్టరు. బిల్లు అడిగితేనే ఇస్తారు, మరిచిపోకుండా అడగండి.