గుండ్రటి మొహానికి ఏడేళ్ల గెడ్డం

మాది ఒడిశాలోని పర్లాకిమిడి. బజార్లో చిన్న ఫోటో స్టూడియో ఉంది. పాస్‌పోర్టు సైజు ఫోటోలు తీసి, కంప్యూటర్లో మొహాలు పెద్దవి చేసి సరిదిద్దడమే రోజంతా పని. ఎవరి గెడ్డం ఎక్కడ వంకరపోయిందో వాళ్లింట్లో వాళ్లకన్నా నాకే బాగా తెలుసు. నా గెడ్డం సంగతి మాత్రం చాలాకాలం నాకు కనపడలేదు.

2018లో అయ్యప్ప మాల వేసుకున్నాను. 41 రోజులు కత్తి తగలకుండా పెరిగిన గెడ్డాన్ని కొండకెళ్లి వచ్చాక తియ్యబుద్ధి కాలేదు. నాది గుండ్రటి మొహం, బుగ్గలు ఎక్కువ. గెడ్డం ఉంటే కాస్త కోలగా కనిపిస్తానని నా లెక్క. అమ్మ మాత్రం "ఏటిరా ఆ అవతారం, మైలలో ఉన్నోడి నాగ" అంది. ఆవిడ మాటే నిజం. చుట్టూ ఒకే పొడవున పెంచేసరికి మొహం పనసకాయలా తయారైంది.

మా వీధి సెలూన్ ఆయన దారి చూపించాడు. "బుగ్గల మీద దించేసి, కింద కొస దగ్గర ఉంచుదాం బాబూ" అన్నాడు. అప్పటినుంచి ఇదే నా కొలత: చెంపల మీద 4 మిల్లీమీటర్లు, కింద కొస దగ్గర 8, చెవుల పక్కన 2. కోల మొహం వాళ్లకి లెక్క తిరగబడుతుంది, చెంపల మీద ఉంచి కింద దించుకోవాలి. మధ్యలో రెండు నెలలు పిల్లి గెడ్డం కూడా ప్రయత్నించాను. చెంపల మీద వెంట్రుకలు పలచగా ఉన్నవాళ్లకి అది బాగుంటుంది. నా బుగ్గలకి మాత్రం బూరెకి బొట్టు పెట్టినట్టుంది.

అసలు కిటుకు మెడ దగ్గర ఉంది. మొదట్లో నేను దవడ ఎముక వెంబడే గీత గీసేవాణ్ణి. అద్దంలో ఎదురుగా చూసుకుంటే నీట్‌గానే ఉండేది. ఒకరోజు కెమెరా సరిచూడ్డానికి నన్నే పక్కనుంచి ఫోటో తియ్యమన్నాను మా కుర్రాణ్ణి. దవడ కింద నున్నగా గొరిగిన కండ వేలాడుతోంది, మనిషికి రెండు గెడ్డాలున్నట్టు! తల నిటారుగా పెట్టి, గొంతు బుడిపెకి సరిగ్గా పైన రెండు వేళ్లు అడ్డంగా ఆనించాలి. పై వేలి దగ్గర గీత ఆగాలి. అక్కణ్ణుంచి రెండు చెవుల వెనక దాకా ఊయల తాడులా వంపు తిరగాలి. దాని కింద ఉన్నదంతా తీసెయ్యొచ్చు. ఈ ఒక్క మార్పుతో నేను సన్నబడ్డానా అని ముగ్గురు అడిగారు. బరువైతే అంతే ఉన్నాను.

చెంపల పైగీత జోలికి ఎక్కువ వెళ్లకండి. విడివిడిగా మొలిచినవి తీస్తే చాలు. నేను ఎడమవైపు కొంచెం, సమానం కోసం కుడివైపు ఇంకొంచెం తీస్తూ, పిల్లుల రొట్టె కోతి పంచినట్టు పంచి, చివరికి మొత్తం గొరిగేసుకున్న ఆదివారం ఒకటుంది. ఏ మగవాడికైనా రెండు వైపులా ఒకేలా మొలవదు. అద్దానికి నాలుగడుగులు వెనక్కి జరిగి చూస్తే సరిపోయినట్టే ఉంటుంది. తడి మీద కత్తిరించడం ఇంకో తప్పు. తడిసిన వెంట్రుక సాగి పొడుగ్గా కనిపిస్తుంది, ఆరాక పొట్టిదవుతుంది.

ట్రిమ్మర్ నాలుగేళ్ల కిందట 1,800 పెట్టి కొన్నాను, లిథియం బ్యాటరీది. కొత్తలో ఒక్క చార్జింగుతో నాలుగైదు వారాలు నడిచేది, ఇప్పుడు రెండు వారాలు. దానికి ఫిర్యాదు లేదు. బ్లేడు వేడెక్కి వెంట్రుకలు పీకుతుంటే పాడైందనుకున్నాను. చూస్తే నూనె లేకపోవడమే. కుట్టుమిషన్ నూనె ఒక్క చుక్క వేస్తే నోరు మూసుకుని పనిచేస్తోంది. నా కడుపుమంట, పొడవు కొలత కోసం బ్లేడుకి తగిలించే దువ్వెన తొడుగు గురించి. దాని పన్ను ఒకటి విరిగింది. గమనించకుండా నడిపిస్తే కుడిచెంప మీద పొలంలో చాలు తీసినట్టు గీత పడింది. తొడుగు విడిగా దొరకదు, కొత్త ట్రిమ్మరే కొనుక్కోండి అన్నాడు కొట్టువాడు. పది రూపాయల ప్లాస్టిక్ ముక్క కోసం!

మే నెల ఉక్కపోతకి గెడ్డం కింద దురద, తెల్లటి పొట్టు మొదలయ్యాయి. రకరకాల గెడ్డం నూనెలు రాశాను. నూనె వెంట్రుకని మెత్తబరుస్తుందే కానీ కొత్తగా మొలిపించదు, పొట్టునీ తగ్గించదు. చర్మం డాక్టరు గారు అది తల చుండ్రు లాంటిదేనని చెప్పి కీటోకొనజోల్ షాంపూ రాశారు. వారానికి రెండుసార్లు నురగ పెట్టి, ఐదు నిమిషాలుంచి కడిగితే నెలలో తగ్గింది. గెడ్డంలో ఒకచోట గుండ్రంగా నున్నగా ఊడిపోతే మాత్రం అది పేనుకొరుకుడు కావచ్చు. ఉల్లిపాయ రుద్దుకుంటూ కూర్చోకుండా డాక్టరుకి చూపించుకోండి.

అన్నిట్లోకీ బాగా నచ్చింది దువ్వెన. మా ఊరు పశువుల కొమ్ములు చెక్కే పనికి పేరున్న ఊరు. పక్షులూ రొయ్యలూ చెక్కే చేతులే దువ్వెనలూ చేస్తాయి. ప్లాస్టిక్ దువ్వెనతో చలికాలం వెంట్రుకలు లేచి నిలబడేవి, కొమ్ము దువ్వెనతో ఆ గొడవ లేదు, చర్మానికి గీరుకోదు కూడా. నీళ్లలో నానబెడితే వంగిపోతుంది. గుడ్డతో తుడిచి కాస్త కొబ్బరినూనె రాస్తే చాలు. ఆరేళ్లయినా నాది ఒక్క పన్ను విరగలేదు.

ఇప్పుడు ఆదివారం పావుగంట, నెలకోసారి సెలూను. కొత్తగా ట్రిమ్మర్ కొనేవాళ్లు బ్యాటరీ సంగతి తర్వాత అడగండి, ముందు తొడుగులు విడిగా దొరుకుతాయో లేదో కనుక్కోండి.