కరెంటు కంపోస్టు మిషన్: రెండేళ్ళ వాడకం తర్వాత

వంటింటి తడి చెత్త వేస్తే ఈ మిషన్లోంచి వచ్చేది ఎరువు కాదు, ఎండిన పొడి. ఎరువయ్యే పని ఆ తర్వాత మట్టిలో జరుగుతుంది. అది తెలియక పొడిని నేరుగా గులాబీ మొదట్లో పోస్తే నీళ్ళు తగలగానే తెల్లగా బూజు కడుతుంది, చిన్న దోమలు ముసురుతాయి, ఆకులు పసుపు తిరుగుతాయి. బూజు, దోమలు పొడి ఇంకా కుళ్ళకపోవడం వల్ల. ఆకులు పసుపు తిరిగేది పొడిని కుళ్ళబెట్టే సూక్ష్మజీవులు మట్టిలోని నత్రజనిని ముందు తామే లాగేసుకోవడం వల్ల.

లోపల ఉండేది రెండున్నర లీటర్ల గిన్నె. అడుగున వేడి, మధ్యలో తిరిగే బ్లేడు, వెనక వాసన పీల్చే బొగ్గు ఫిల్టరు. కిలో తడి చెత్త వేస్తే ఆరేడు గంటల్లో 150 నుంచి 200 గ్రాముల పొడి మిగులుతుంది. ప్లగ్గు మీటరు పెట్టి చూస్తే విడతకు దాదాపు ఒక యూనిట్ కాలుతుంది.

నెల్లూరు వంటిళ్ళలో దీనికి అసలు పరీక్ష అన్నం, చేపలు. మిగిలిన అన్నం ఒక్కటే వేస్తే గంజి అడుగున మాడులా పట్టి బ్లేడు ఆగిపోతుంది. గిన్నెలో పావు వంతు మించకుండా, కూరగాయల తొక్కలతో కలిపే వేయాలి. వేసవిలో ఉలవపాడు మామిడి తొక్కలు కూడా అంతే, ఒక్కటే వేస్తే తాండ్ర తయారవుతుంది! రొయ్యల పొట్టు, సన్న చేప ముళ్ళు బాగానే నలుగుతాయి. మామిడి టెంక, కొబ్బరి చిప్ప, మాంసం బొమికలు, చింతగింజలు వద్దు. చేపల పులుసు మిగిలితే ముక్కల్ని కడిగి వేయండి. ఆవిరయ్యేది నీళ్ళే, ఉప్పంతా పొడిలోనే ఉండిపోతుంది. బోరు నీళ్ళే ఉప్పగా ఉండే చోట కుండీకి అది రెట్టింపు దెబ్బ.

పొడిని ఎరువు చేసే పద్ధతి: ఒక గిన్నె పొడికి పది గిన్నెల మట్టి, రెండు గుప్పిళ్ళ మాగిన పేడ ఎరువు. వేడికి పొడిలోని సూక్ష్మజీవులు చాలావరకు చచ్చిపోతాయి కాబట్టి ఆ పేడ ఎరువు మానొద్దు. పిడికిలి పడితే ముద్ద కట్టాలి, నీళ్ళు కారకూడదు. తడి గోనెపట్టా కప్పి వారానికోసారి తిరగేస్తే నాలుగు వారాలకు మట్టి వాసన వస్తుంది. ఇంకా పుల్లటి వాసనే వస్తుంటే మరో పది రోజులు ఆగాలి. మేలో మట్టి త్వరగా ఆరిపోతుంది, రోజూ నాలుగు చుక్కలు చిలకరించాలి. కార్తీకం వానల్లో తంటా పొడితో. గాలిలో తేమ పీల్చి ముద్దవుతుంది, బిగుతు మూత డబ్బాలో దాచాలి.

ఫిల్టరు మామూలుగా మూడు నాలుగు నెలలు వస్తుంది. వారానికి మూడు రోజులు చేపలు వండే ఇంట్లో రెండు నెలలకే చేతులెత్తేస్తుంది. విడత చివర్లో గదిలో నీచు వాసన వచ్చిందంటే మార్చే వేళయినట్టే. ఈ ఖర్చు కొనేముందే లెక్కలో వేసుకోవాలి.

నడుస్తుండగా కరెంటు పోతే సగం ఉడికిన ముద్దను రాత్రంతా అలాగే వదలకండి, పులిసి కంపు కొడుతుంది. కరెంటు రాగానే విడత మళ్ళీ మొదటి నుంచి నడపాలి.

పెరడున్న వాళ్ళు ఇది కొనక్కర్లేదు. ఎండుటాకులు పరిచిన మట్టి తొట్టి ఈ పని మొత్తం తనే చేస్తుంది. అపార్టుమెంటులో మూడో అంతస్తు వాళ్ళకైతే పనికొస్తుంది. గిన్నెను మాత్రం స్టీలు పీచుతో రుద్దకండి, పైపూత లేచిపోయాక ప్రతి విడతా అంటుకుంటుంది. రెండు గంటలు నీళ్ళు పోసి నానబెట్టి చెక్క గరిటెతో గీకితే చాలు.